పదకొండో నంబరు బయటికి వెళ్ళలేదు

నాకు ఒకచోట కాలు నిలవదు. కుర్చీలో కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. మా అత్తగారి మాటల్లో చెప్పాలంటే, నేను కూర్చుంటే మంచం కూడా ప్రయాణం చేస్తుంది. అలాంటి దాన్ని నెలల తరబడి ఒక ఇరుకు గదిలో, నాలుగు ముక్కలుగా చీలిన తెర ముందు కూర్చుని, అందులో నడిచే వాళ్ళను చూస్తూ ఉండమన్నారు. నలభై రెండేళ్ళ వయసులో నేను ఆ పని చేశాను. ఇష్టపడి చేశానని చెప్పుకుంటే వినడానికి బాగానే ఉంటుంది గానీ, అది అబద్ధం.

ఖమ్మం చుట్టుపక్కల ఏ రోడ్డు పట్టుకుని పోయినా పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీ లేస్తున్న రోజులవి. వాటిలో ఒకదానిలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. నాది ఎమ్మెస్సీ లెక్కలు. పదిహేనేళ్ళు పాఠం చెప్పాక, ఎంటెక్ లేనివాళ్ళు పాఠం చెప్పడానికి పనికిరారని ఎవరో ఎక్కడో కూర్చుని తేల్చారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, రెండేళ్ళలో ఎంటెక్ చేయకపోతే ల్యాబ్ అసిస్టెంటుగా మారిపోవాలన్నాడు.

"నా దగ్గర చదువుకున్నోళ్ళు ఇప్పుడు ఇక్కడ లెక్చరర్లు. వాళ్ళ క్లాసులకు నేను సిస్టమ్‌లు తుడిచి పెట్టాల్నా సార్?"

"రూల్స్ మేడమ్."

"రూల్స్ రాసినాయనకు ఎంటెక్ ఉన్నదా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను ఎంటెక్‌లో చేరాను. వాదనలో నేను గెలిచానని ఇప్పటికీ నా నమ్మకం. కానీ ఫీజు కట్టింది నేనే.

నాకు ఇచ్చిన ప్రాజెక్టు ఇది. ఒక ఆవరణలో నాలుగు కెమెరాలు ఉంటాయి. ఒక్కొక్కటీ తన ముందున్న ముక్కను మాత్రమే చూస్తుంది. మనిషి ఒక కెమెరా ముందు నుంచి తప్పుకుని, కొంతసేపు దేనికీ కనబడకుండా పోయి, ఇంకో కెమెరా ముందు తేలతాడు. ఆ తేలినవాడు ఇందాకటి మనిషేనని కంప్యూటర్ తెలుసుకోవాలి. ఒక్కడైతే ఎవరైనా చెప్తారు. పదిమంది ఒకేసారి అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు కూడా ఎవరి నంబరు వాళ్ళకే అంటుకుని ఉండాలి. చెప్పడానికి నాలుగు ముక్కలు, చేయడానికి రెండేళ్ళు.

ఆ కాలపు కెమెరాల్లో ముఖం వేలిగోరంత కూడా కనబడేది కాదు. అందుకని నా ప్రోగ్రాం రెండే రెండు సంగతులు చూసేది. ఒకటి బట్టల రంగు. రెండోది నడకకు పట్టే సమయం. ఆకుపచ్చ బట్టల మనిషి ఒక కెమెరా దాటి, ఆ ఖాళీ జాగా నడవడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపట్లో రెండో కెమెరాలో ఆకుపచ్చగా కనబడితే, ఇద్దరూ ఒకరే అని గీత కలిపేసేది. కాలేజీలో పెట్టి చూశాను. పిల్లలంతా యూనిఫాంలో ఉన్నారు. ప్రోగ్రాం పిచ్చెక్కినట్టు ఒకడి నంబరు ఇంకొకడికి తగిలించింది.

భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట ఒక మిషన్ దవాఖానా ఉండేది. నా ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టారు. అక్కడి సూపరింటెండెంటును అందరం పెద్ద డాక్టరమ్మ అనేవాళ్ళం. ఆమె అప్పుడే నాలుగు కెమెరాలు పెట్టించిందని విని, వెళ్ళి అడిగాను. ఆమె పక్కనే మేనేజరు ఉన్నాడు. సత్తుపల్లి వైపు మనిషి, మాట మెత్తన.

"దీనివల్ల మాకేం ఉపయోగమండి?" అన్నాడు.

"ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయారో గీత గీసి చూపిస్తుంది."

"తప్పు చెప్పదు కదండీ?"

"నూటికి నూరు" అన్నాను.

ఈ రెండు మాటలను ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాలనుకున్నానో నాకే తెలుసు. కానీ ఆ గదిలో ఆయన గొంతులో అనుమానం వినబడింది. నాకు అనుమానం వినబడితే నోరు ఆగదు.

వారానికి మూడు రోజులు బస్సెక్కి వెళ్ళేదాన్ని. మేనేజరు గది వెనక మందుల అట్టపెట్టెల మధ్య నాకొక స్టూలు. మొదటి కెమెరా కాన్పుల వార్డు తలుపు మీద. రెండోది వరండా మీద. మూడోది మందుల కిటికీ, దాని ముందు దారి. నాలుగోది గేటు. వరండా చివరికి, మందుల కిటికీకి మధ్య సైకిల్ స్టాండు ఉండేది, పైన రేకులు. అక్కడా, దాని పక్కనున్న వార్డు వెనక తలుపు మీదా ఏ కెమెరా లేదు. మనిషి వరండా దిగి సైకిల్ స్టాండులోకి పోతే మాయం, అటు తేలితే మళ్ళీ ప్రత్యక్షం. నా కళ్ళు ఆ నాలుగు ముక్కల మధ్య పరిగెత్తేవి. ఇంటికి వచ్చాక కూడా పడుకుంటే కళ్ళ వెనక మనుషులు నడుస్తూనే ఉండేవారు.

నాకు రోజూ టీ తెచ్చేది కాన్పుల వార్డు ఆయమ్మ. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త మణుగూరు వైపు బొగ్గు బాయిలో పని చేసేవాడు, వారానికోసారి వచ్చేవాడు. ఆమె, తోడికోడలు (ఆమె మాటలో యారాలు), ఇద్దరి పిల్లలు దవాఖానా పక్క కాలనీలో ఒకే ఇంట్లో ఉండేవారు.

"మీరు సినిమా తీస్తున్నరా మేడమ్, చూస్తున్నరా?" అనేది.

"రెండూ."

"హీరో ఎవలు?"

"ఇయ్యాల నువ్వే. ఏడో నంబరు."

"అవ్, హీరోయిన్‌కు టీ మోసే పనే ఉంటది" అని గ్లాసు పెట్టి పోయేది. నేను టీ సగం తాగి వదిలేస్తే మర్నాడు దెప్పేది. దవాఖానాలో నాతో సమానంగా నోరున్న మనిషి ఆమె ఒక్కతే. అందుకే నాకు ఆమె నచ్చింది. అందుకే అప్పుడప్పుడు నచ్చేదీ కాదు.

అక్కడ కూడా కాలేజీ గొడవే వచ్చింది. ఆయాలంతా నీలం చీరలు, నర్సులంతా తెలుపు. నా ప్రోగ్రాం నీలాన్ని నీలంతో కలిపేసి చేతులు దులుపుకునేది. అప్పుడు ఆయమ్మే చెప్పింది, క్రిస్మస్ నాడు డ్యూటీలో ఉన్నవాళ్ళు ఎవరి కొత్త బట్టలు వాళ్ళు కట్టుకోవచ్చని. ఆ దవాఖానాలో పాత ఆనవాయితీ అది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్కరు ఒక్కో రంగులో తిరిగే రోజు. నా ప్రోగ్రాం కోసమే పుట్టిన రోజు అనుకున్నాను.

ఇంట్లో ఆ పండక్కే నాకూ అత్తగారికీ యుద్ధం నడుస్తోంది. మా ఇళ్ళలో క్రిస్మస్‌కు పిల్లలందరికీ ఒకే తానులోంచి గుడ్డ కొని చొక్కాలు, గౌన్లు కుట్టిస్తారు. ఆడవాళ్ళందరికీ ఒకే రకం చీర తెస్తారు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే మాట రాకుండా. ఆ ఏడు అత్తగారు ముగ్గురు కోడళ్ళకు మూడు వంకాయ రంగు చీరలు తెచ్చింది.

"మనమేమన్నా బ్యాండు మేళమా అత్తమ్మా, ఒక్క తీరు కట్టుకోవడానికి?" అన్నాను.

"కట్టకు. ఎంటెక్ చీరలేమన్నా అమ్ముతున్నరేమో ఖమ్మంలో దేవులాడుకో."

నేను ఆ చీర కట్టలేదు. క్రిస్మస్ పొద్దున్నే పాత పసుపు చీరలో బస్సెక్కాను. ఆరాధనకు కూడా ఆగలేదు. అత్తగారు వారం మాట్లాడలేదు. ఆ వారం నాకు హాయిగానే గడవాల్సింది.

ఆ రోజు తెర నిజంగానే పండగలా ఉంది. ఎరుపు, నారింజ, నెమలికంఠం. నంబర్లు ఒక్కటీ కదలకుండా మనుషులకు అంటుకుని నడుస్తున్నాయి. ఆయమ్మ చిలకాకుపచ్చ చీరలో వచ్చి, ఫొటోకు నిలబడ్డ మనిషిలా పైట సర్దుకుని, "కంప్యూటర్‌ల మంచిగ కనబడుతున్ననా?" అని అడిగి, కేకు ముక్క పెట్టి పోయింది. ఆ రోజు కూడా ఆమెకు పడింది ఏడో నంబరు.

మధ్యాహ్నం చర్ల అవతలి గూడెం నుంచి ఒక గర్భిణిని జీపులో తెచ్చారు. ఆ గుంతల దారి సంగతి తెలిసిందే, బిడ్డ జీపులోనే పుట్టనందుకు దేవునికి స్తోత్రం చెప్పాలి. నర్సు ఆయమ్మ కోసం కేకలేసింది. ఆయమ్మ లేదు. నర్సు ఒక్కతే కాన్పు చేసింది. తల్లీ బిడ్డా క్షేమం. కానీ నీళ్ళు అందించే మనిషి లేక నర్సు పడ్డ హైరానా అంతా ఇంతా కాదు. ఆమె ఏడుస్తూ మేనేజరుకు చెప్పింది.

మేనేజరు ఆయమ్మను నా గది ముందుకే పిలిచాడు.

"వార్డు వదిలి ఎక్కడికెళ్ళావమ్మా?"

"యాడికి పోలే సారూ. మా యారాలు అన్నం క్యారేజీ తెస్తే సైకిల్ స్టాండు కాడ తీసుకున్న. ఎనక తలుపు నుంచి వచ్చి దుప్పట్లు ఉతుకుతున్న. నల్లా నీళ్ళ చప్పుడుకు ఇనబడలే."

"ఇంటికెళ్ళి పండగ భోజనం చేసొచ్చావని అంటున్నారు."

"అనేటోళ్ళు అంటరు."

ఆయన నా వైపు తిరిగాడు. "మన కంప్యూటర్ ఉంది కదండీ."

నేను సంబరంగా స్టూలు ముందుకు జరుపుకున్నాను. ఆ సంబరం నాకు బాగా గుర్తుంది, దాచుకోను. ఏడు అని కొట్టాను. తెర మీద పచ్చటి గీత వార్డు తలుపు దగ్గర మొదలైంది. వరండా దాటింది. సైకిల్ స్టాండు దగ్గర తెగి, మందుల కిటికీ ముందు మళ్ళీ అందుకుంది. నేరుగా గేటు దాటి పోయింది. తిరిగి రాలేదు; మరి ఆమె మా ముందు ఎట్లా నిలబడిందని నాకూ మేనేజరుకూ తోచలేదు.

"ఇదిగో" అన్నాను.

ఆయమ్మ తెరను చాలాసేపు చూసింది. "నేను గేటు దాటలే మేడమ్. ఆ గీత నాది గాదు."

"రంగు నీదే. టైము నీదే. దారీ నీదే."

"అయితే గావచ్చు. మనిషిని నేను గాదు."

"మరి ఎవరు? దయ్యమా?"

"అది మీరే చెప్పాలె. గీతలు గీసేది మీరు."

ఆమె నాతో ఇంకా వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. నా ముందున్న టీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. సగం టీ అందులోనే ఉంది.

పెద్ద డాక్టరమ్మ పండక్కి వాళ్ళ ఊరు వెళ్ళింది. కొత్త సంవత్సరం తర్వాత వస్తుంది. ఆమె వచ్చి సంతకం పెడితే ఆయమ్మ పని పోతుంది. అంతవరకు రావద్దని మేనేజరు ఆమెను ఇంటికి పంపేశాడు. పదకొండేళ్ళ పని. పర్మనెంటు కాదు గనక ఒక్క సంతకం చాలు.

మా ప్రాజెక్టు గైడుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన ఉబ్బిపోయాడు. "నిజ జీవితంలో ఉపయోగం అని ఒక అధ్యాయం రాయండి మేడమ్. వైవాలో అదే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది." రాయడానికి కూర్చున్నాను. నాలుగు వాక్యాలు రాయడం, లేచి వంటింట్లోకి పోవడం, ఏమీ తీసుకోకుండా తిరిగి రావడం. ఆ గీత నాది గాదు అన్న మాట పళ్ళ సందులో పీచులా ఇరుక్కుంది. కాపీ కొట్టినవాళ్ళు ఎట్లా బొంకుతారో నాకు తెలుసు, పరీక్ష హాల్లో పదిహేనేళ్ళు నిలబడ్డదాన్ని. బొంకేవాళ్ళు ఎక్కువ మాట్లాడతారు. ఆమె తక్కువ మాట్లాడింది. అయినా నా ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో వెతకాలని తోచలేదు. కాదు, తోచింది. వెతికితే దొరుకుతుందేమోనని వెతకలేదు.

కొత్త సంవత్సరం ఆరాధనకు, ఇంట్లో రోజూ మూతి విరుపులు చూడలేక, ఆ వంకాయ రంగు చీర కట్టుకున్నాను. అత్తగారు ఒక్కసారి పైనుంచి కిందికి చూసింది. ఆరాధన అయ్యాక ఇంటికి వచ్చి, పెరట్లో గంగాళం దగ్గర వంగి ప్లేట్లు కడుగుతున్నాను. వెనక నుంచి అత్తగారి గొంతు.

"నీకు సిగ్గున్నదా? చిన్నోనికి కేకు పెట్టకని పొద్దుగాల చెప్పిన్నా లేదా? ఇప్పుడు కక్కుతున్నడు."

తిరిగి చూశాను. "నేను పెట్టలేదు."

"నేను తలుపులకెల్లి నా కండ్లతోని చూసిన. గిదే చీర, గిదే వీపు."

"నేను గాదత్తమ్మా."

"మరెవలు, దయ్యమా?"

కేకు పెట్టింది మా చిన్న తోడికోడలు. ఆమె ఆ పక్కనే అదే చీరలో గుమ్మంలో నిలబడి నోరు మూసుకుని నవ్వుతోంది. నేను పోట్లాటకు నోరు తెరిచి, తెరిచిన నోటితోనే ఆగిపోయాను. చేతిలో ప్లేటు నుంచి నీళ్ళు కారి కొత్త చీర తడుస్తోంది.

"ఏమైందే? జరమొచ్చిందా?" అన్నది అత్తగారు. ఇరవై ఏళ్ళలో నేను జవాబు చెప్పకుండా ఊరుకోవడం ఆమె చూడలేదు.

మర్నాడు మొదటి బస్సుకే పోయాను. సీట్లో కూర్చోలేక కొత్తగూడెం దాకా నిలబడే ఉన్నాను. కండక్టరు సీటుందమ్మా అని రెండుసార్లు చెప్పాడు.

క్రిస్మస్ రికార్డింగు మొత్తం మళ్ళీ తెరిచాను. ఈసారి ఏడో నంబరు జోలికి పోలేదు. నా ప్రోగ్రాం రోజు చివర ఒక పట్టిక ఇచ్చేది. అందులో తప్పిపోయినవి అని ఒక గడి. లోపలికి వచ్చి, ఎక్కడో మాయమై, బయటికి వెళ్ళినట్టు కనబడని నంబర్లు అందులో పడేవి. అయిదారు ఉండేవి ఎప్పుడూ. వార్డుల్లో చేరిన రోగులై ఉంటారని వాటిని నేను చూసేదాన్నే కాదు.

ఆ గడిలో పదకొండో నంబరు ఉంది. మధ్యాహ్నం గేటులోంచి వచ్చింది. మందుల కిటికీ ముందు నుంచి నడిచింది. సైకిల్ స్టాండు వైపు మళ్ళింది. అక్కడితో ఆఖరు. బయటికి వెళ్ళలేదు, వరండా ఎక్కలేదు. దాన్ని పెద్దది చేసి చూశాను. చిలకాకుపచ్చ చీర. చేతిలో క్యారేజీ.

ఏడో నంబరు గేటు దాటుతున్న బొమ్మను పక్కన పెట్టుకున్నాను. అదే చీర. చేతులు ఖాళీ.

సైకిల్ స్టాండు కింద ఇద్దరు ఆడవాళ్ళు కలుసుకున్నారు. క్యారేజీ చేతులు మారింది. ఒకరు వెనక తలుపు నుంచి వార్డులోకి, ఒకరు గేటు నుంచి ఇంటికి వెళ్ళారు. లోపలికి పోయినామె నంబరును నా ప్రోగ్రాం బయటికి పోయినామెకు తగిలించింది. బయటినుంచి వచ్చినామెను తప్పిపోయినట్టు రాసుకుంది. ఆ గడి చూసి ఉంటే క్రిస్మస్ నాడే తెలిసేది. చూడలేదు.

లేచి నేరుగా కాలనీకి నడిచాను. ఆ ఇంటి ముందు దండెం మీద రెండు చిలకాకుపచ్చ చీరలు పక్కపక్కనే ఆరుతున్నాయి. ఆయమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. లేవలేదు.

"పండుగ చీరలు ఇద్దరికీ ఒక్కటేనని ఆనాడు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. వచ్చింది తప్పు ఒప్పుకోవడానికి. నా నోటికి వచ్చింది నిలదీత.

"ఎవలింట్ల గావు మేడమ్? మీ ఇంట్ల ఏరేరు దెస్తరా?"

 నిజమే. సూర్యుడు పొద్దున వచ్చాడని ఎవరైనా చెప్పుకుంటారా? చీరల సంగతి అట్లాంటిదే. నేనూ అదే ఇళ్ళలో పుట్టి, అదే చీర గురించి వారం ముందు పోట్లాడి కూడా, ఆ ఒక్క సంగతి మరిచి ప్రోగ్రాం రాశాను.

లోపల్నుంచి ఆమె తోడికోడలు వచ్చింది. అదే ఎత్తు, అదే ఒళ్ళు. విషయం విని, "అంటే నేను నడిస్తె మా అక్క పని పోయిందా? గట్లనైతె నేను రోజు దవాఖానాల నడుస్త, మేనేజరు పని గూడ పోతదేమో" అన్నది. ఆయమ్మ అప్పుడు నవ్వింది. నన్ను చూసి కాదు.

ఆ మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ వచ్చింది. మేనేజరు కాగితం ఆమె బల్ల మీద పెట్టి ఉంది. నేను రెండు బొమ్మలు చూపించి, నా ప్రోగ్రాం తప్పు చెప్పిందన్నాను. నూటికి నూరు అన్నది కూడా నేనేనన్నాను. ఆమె కళ్ళద్దాలు పైకి తోసి చూసింది.

మేనేజరు మెత్తగానే అడ్డం వచ్చాడు. "చీర ఒకటైనంత మాత్రాన మనిషిని గుర్తుపట్టలేమా అండి? పదకొండేళ్ళుగా రోజూ చూసే మనిషి. ఆ వీడియో నేనూ చూశానండి. గేటు దాటింది ఆవిడే. నడకే చెప్తోంది."

"అయితే ఇప్పుడే చూడండి సార్" అన్నాను. "మీరు నా స్టూలు మీద కూర్చోండి. నంబర్లు తీసేస్తా. కంప్యూటర్ ఏం చెప్పదు. మీ కళ్ళే."

ఆయమ్మనూ తోడికోడలినీ పిలిపించాను. ఆరీ ఆరని చీరలు కట్టుకుని వచ్చారు. వాళ్ళకు ఒకటే చెప్పాను, ఆ రోజు ఎట్లా జరిగిందో అట్లాగే కలుసుకోండి, ఆ తర్వాత ఎవరు ఏ వైపు పోవాలో మీ ఇష్టమని. ఆయమ్మ వెళ్తూ, "ఇయ్యాల పైసలిస్తరా మేడమ్, హీరోయిన్ ఇద్దరాయె" అన్నది. 

మేనేజరు తెర ముందు కూర్చున్నాడు. పెద్ద డాక్టరమ్మ ఆయన వెనక నిలబడింది. నేను తలుపు దగ్గర, గోడకు ఆనుకున్నా కాలు నిలవక, అటూ ఇటూ తిరుగుతున్నాను. వార్డు తలుపులోంచి ఒక ఆకుపచ్చ చీర వచ్చింది. గేటులోంచి ఒకటి వచ్చింది, చేతిలో క్యారేజీ. రెండూ సైకిల్ స్టాండు కిందికి పోయాయి. తెరలో ఎవరూ లేరు. ఒక కోడి మాత్రం మందుల కిటికీ ముందు నడిచింది. కొంతసేపటికి ఒక ఆకుపచ్చ చీర, ఖాళీ చేతులతో, కిటికీ దాటి గేటు వైపు పోయింది.

"ఎవరు సార్?" అన్నాను.

ఆయన తెర మీదికి వంగాడు. తొందరపడలేదు. గేటు దాటేదాకా చూశాడు. "ఆయమ్మేనండి. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది, రోజూ చూస్తాను గదా."

"నేనిక్కడ్నే ఉన్న సారూ."

మేం ముగ్గురం వెనక్కి తిరిగాం. ఆయమ్మ మా వెనక తలుపులో క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది.

మేనేజరు ముఖం చూసి నాకు సంతోషం కలగాలి. నిజానికి ఆయనను చూస్తే నన్ను నేను చూసినట్టు ఉంది. పెద్ద డాక్టరమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది.

"రేపటి నుంచి డ్యూటీకి రామ్మా" అన్నది. ఆయమ్మ తల ఊపింది. క్యారేజీ కింద పెట్టి, పైట చెంగుతో మూత తుడిచింది, తుడవాల్సిన పనేమీ లేకపోయినా.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పెద్ద డాక్టరమ్మ తెర వైపు ఇంకోసారి చూసి, మేనేజరుతో అన్నది: "ఆ సైకిల్ స్టాండు దగ్గర ఏమీ కనబడటం లేదు. అక్కడొక కెమెరా పెట్టించండి."

నేను నోరు తెరిచాను. కానీ ఏమని వాదించాలి? కనబడని జాగా వల్లే ఇదంతా జరిగిందని ఇప్పుడే నిరూపించింది నేను.

వైవాలో పదకొండో నంబరు సంగతి మొత్తం పెట్టాను. గైడు ముఖం ముడుచుకున్నాడు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు మాత్రం ఆ ఒక్క అధ్యాయం గురించే అరగంట అడిగాడు. చివర, మరి దీనికి పరిష్కారం ఏమిటి అన్నాడు. రంగు ఒక్కటే నమ్మకూడదు, లోపలికి వచ్చినవాళ్ళ లెక్క బయటికి వెళ్ళినవాళ్ళతో సరిపోకపోతే ఏ గీతనూ నమ్మకూడదు అన్నాను. అత్తగారి మాట కూడా నమ్మకూడదు అనబోయి ఆపుకున్నాను. పాసయ్యాను, గొప్ప మార్కులేమీ కాదు. పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాను.

నెల తర్వాత నా సామాను తెచ్చుకోవడానికి దవాఖానాకు వెళ్ళాను. సైకిల్ స్టాండు రేకుల కింద అయిదో కెమెరా, కొత్తది, తెల్లగా మెరుస్తోంది. అంతకుముందు ఆ రేకుల నీడలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. క్యారేజీ అందుకునేవాళ్ళు, చెప్పు తెగితే కూర్చునేవాళ్ళు, డాక్టరు మాటకు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ రోజు సైకిళ్ళు మాత్రమే ఉన్నాయి.

ఆయమ్మ టీ తెచ్చింది.

"మీరు జెయ్యబట్టి నా పని నిలిచింది మేడమ్. కాదన. గాని గా జాగల నేను, మా యారాలు రెండు మాటలు మాట్లాడుకునేటోళ్ళం. ఇంట్ల పిల్లలతోని కుదరదు. ఇప్పుడు ఆడ నిలబడితె నెత్తి మీద కన్ను."

"నేను పెట్టమనలేదు."

"మీరనలే. మీరు చూపెట్టిండ్రు."

టీ మొత్తం తాగాను. ఆమె ఖాళీ గ్లాసులోకి చూసి, "ఇయ్యాలేంది, పూర్తిగ తాగిండ్రు" అన్నది.

సామాను సర్దుకుని బస్సుకు నడుస్తుంటే, అలవాటు కొద్దీ కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అయిదు కెమెరాలు ఎక్కడెక్కడ చూస్తాయో, ఎక్కడ చూడవో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఆవరణలో లేరు. ఒకచోట, ఏ కెమెరాకూ అందని చోట, ఒక క్యారేజీ చేతులు మారడం చూశాను. ఆ రోజు చీరలు ఒకటి నీలం, ఒకటి ఎరుపు. వాళ్ళు నన్ను చూశారు. ఆయమ్మ ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. నేను బస్సు వస్తున్నట్టు రోడ్డు వైపు తిరిగాను. బస్సు రావడానికి ఇంకా చాలా సేపుంది.

ఆ చోటు ఎక్కడో మేనేజరుకు చెప్పలేదు. ఇక్కడా రాయను.